సంఘం పుస్తకం అమ్మాయి చేతికి వస్తే



పిల్లలు డిగ్రీలో చేరిన ఏడాది మన ఇళ్లల్లో ఒక మాట వినబడుతూ ఉంటుంది. "అమ్మా, మా కాలేజీ సాహితీ సంఘానికి నన్ను కోశాధికారిగ ఉండమంటున్నరు" అని కొడుకు చెబితే, "మంచిదే బిడ్డా, చదువు మాత్రం పాడు చేసుకోకు" అంటాం. అదే మాట కూతురు చెబితే మన ముఖం మారుతుంది. "గవన్నీ మనకెందుకే? పైసలతోటి పని. రేపు లెక్కల తేడా వస్తే ఎవరి మెడకు చుట్టుకుంటది?" అంటాం. ఆ సంగతి అంతటితో ఆగిపోతుంది.

ఆ సంఘం అంటే ఏమిటి, అందులో ఎవరు ఏం చేస్తారు, దాని మీద ఎవరి అజమాయిషీ ఉంటుంది అన్నది తెలియక మనం వద్దంటున్నామేమో! తెలిసిన తర్వాత కూడా వద్దనిపిస్తే అది వేరే సంగతి. అందుకని ఈ రోజు కాలేజీ సంఘాల గురించి, వాటి కట్టుబాట్ల గురించి నాలుగు మాటలు మీతో పంచుకుంటాను.

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. "విద్యార్థి సంఘం" అనగానే మన కళ్ల ముందు జెండాలు, నినాదాలు, రాస్తారోకోలు కనబడతాయి. కానీ ఆ ఒక్క మాట కింద మూడు వేరు వేరు విషయాలున్నాయి. మొదటిది, రాజకీయ పార్టీలకు దగ్గరగా ఉండే విద్యార్థి సంస్థలు. వీటి కార్యాలయాలు కాలేజీ బయట ఉంటాయి, నాయకులూ బయటే ఉంటారు. రెండవది, విద్యార్థులందరూ ఓటు వేసి ఎన్నుకునే యూనియన్. ఇది కాలేజీ మొత్తానికి లేదా విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. మూడవది, ఒక పని మీద ఇష్టం ఉన్న పిల్లలు కలిసి పెట్టుకునే సంఘం. సాహిత్యం, నాటకం, విజ్ఞానం, పర్యావరణం, ఆటలు, ఇలా ఏదైనా కావచ్చు. పిల్లలు దీన్నే క్లబ్బు అంటారు. నేను ముఖ్యంగా చెప్పబోయేది ఈ మూడవ దాని గురించి.

మన సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల 1956లో మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది, ఇప్పుడు స్వయం ప్రతిపత్తి గల కళాశాల. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు ఎందరో ఇటువంటి కళాశాలల్లోనే మొదటిసారి స్టేజీ ఎక్కుతారు, మొదటిసారి మైకు పట్టుకుంటారు. పాఠం చెప్పే పని గురువులది. కానీ నలుగురిని కూడగట్టి ఒక పని చేయించడం ఏ పాఠంలోనూ ఉండదు. అది సంఘంలోనే నేర్చుకోవాలి.

సరే, ఆ సంఘం ఎట్లా కడతారో చూద్దాం. మన పొదుపు సంఘాలు తెలిసిన వారికి ఇది చాలా సులువుగా అర్థమవుతుంది. పట్టణాల్లో మెప్మా సంఘాలు, పల్లెల్లో ఐకేపీ సంఘాలు పంచసూత్రాలు చెబుతాయి కదా! క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, లోపల్లోపల అప్పులు, వాటి వాపసు, పుస్తకాలు సరిగా రాయడం. అప్పుల సంగతి పక్కన పెడితే కాలేజీ సంఘానికీ ఇవే సూత్రాలు.

మొట్టమొదట కావలసింది నిబంధనావళి. పేరు పెద్దదే గానీ, రెండు మూడు పేజీల కాగితం అంతే. సంఘం పేరు ఏమిటి, ఆశయం ఏమిటి, ఎవరు సభ్యులు కావచ్చు, చందా ఎంత, కార్యవర్గంలో ఎందరు, వాళ్లను ఎట్లా ఎన్నుకోవాలి, ఎంత కాలం ఉండాలి, తప్పు చేస్తే ఎట్లా తొలగించాలి, సమావేశానికి కనీసం ఎందరు రావాలి, ఈ నిబంధనలనే మార్చాలంటే ఏం చేయాలి. ఇవన్నీ అందులో రాసి ఉండాలి. అందరూ సఖ్యంగా ఉన్న రోజుల్లో ఈ కాగితం ఎవరికీ గుర్తుకు రాదు. మాట పట్టింపు వచ్చిన రోజున ఇదే దిక్కు. ఆస్తి పంపకాల కాగితం అన్నదమ్ములు బాగున్నప్పుడే రాసుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

తరువాత సర్వసభ్య సమావేశం. అంటే చందా కట్టిన వాళ్లందరూ కూర్చునే సభ. సంఘానికి యజమాని ఈ సభే. ఏడాదికి ఒకసారైనా కూర్చోవాలి, కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి, పాత లెక్కలు విని ఒప్పుకోవాలి. ఇక రోజువారీ పనులు చూసేది కార్యవర్గం.

కార్యవర్గంలో ఎవరెవరి పని ఏమిటో చూడండి. అధ్యక్షుడు గానీ అధ్యక్షురాలు గానీ సభను నడిపిస్తారు. అందరికీ మాట్లాడే అవకాశం ఇవ్వడం, చర్చ దారి తప్పితే మళ్లీ దారిలోకి తేవడం, చివరికి తీర్మానం ఏమిటో స్పష్టంగా చెప్పడం వారి పని. కార్యదర్శి సమావేశానికి ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏ ఏ విషయాలు మాట్లాడబోతున్నామో రాయాలి, మాట్లాడుకున్నది మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. కోశాధికారి డబ్బు తీసుకుని రసీదు ఇవ్వాలి, ఖర్చుకు వోచర్ తీసుకోవాలి, రోజువారీ పుస్తకంలో రాయాలి. సంయుక్త కార్యదర్శి కార్యదర్శికి తోడు.

వీటిలో పెద్ద పదవి ఏది అంటే అందరూ అధ్యక్ష పదవే అంటారు. దండ పడేది ఆ మెడలోనే కదా! కానీ సంఘం నిలిచేది మినిట్స్ పుస్తకం మీద, లెక్కల పుస్తకం మీద. ఈ రెండు పుస్తకాలు ఎవరి చేతిలో ఉంటాయో వాళ్ల చేతిలోనే సంఘం ఉంటుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక సాహితీ సంఘంలో 60 మంది సభ్యులున్నారనుకుందాం. మనిషికి 50 రూపాయల చందా. మొత్తం 3,000. వక్తృత్వ పోటీ పెట్టారు. బహుమతి పుస్తకాలకు 1,200, ప్రశంసా పత్రాలకు 600, చాయ్ బిస్కెట్లకు 700, బ్యానరుకు 300. అన్నీ కలిపి 2,800 ఖర్చు. మిగిలింది 200. మనకు ఇది ఒక వారం కూరగాయల ఖర్చు. కానీ ఈ 3,000 అరవై మంది సొమ్ము. ఆ 200 ఎక్కడున్నాయని అడిగే హక్కు అరవై మందికీ ఉంది. ఇంటి డబ్బుకు మనం ఎవరికీ రసీదు ఇవ్వం. పదిమంది డబ్బుకు ఇవ్వాలి. ఈ తేడా పద్దెనిమిదేళ్లకు తెలిసిన పిల్ల, రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా తప్పుడు సంతకం పెట్టదు.

కోరం అని ఒక మాట వింటుంటాం. సభ చెల్లాలంటే కనీసం ఉండవలసిన సంఖ్య అది. మూడింట ఒక వంతు అని రాసుకుంటే, అరవై మందిలో 20 మంది రావాలి. ముగ్గురు స్నేహితులు క్యాంటీన్‌లో కూర్చుని "మేం నిర్ణయించినం" అంటే చెల్లదన్నమాట. ఇటువంటి చిన్న చిన్న కట్టుబాట్లే ఒకరి పెత్తనం పెరగకుండా కాపాడేవి.

మరి పిల్లల మీద పెద్దల అజమాయిషీ ఉండదా అంటే, ఉంటుంది. ప్రతి సంఘానికీ ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో సలహాదారుగా ఉంటారు. హాలు కావాలన్నా, బయటి అతిథిని పిలవాలన్నా ప్రిన్సిపాల్ అనుమతి కావాలి. ఈ పద్ధతి పకడ్బందీగా ఉండేది జాతీయ సేవా పథకంలో. పిల్లలు ఎన్నెస్సెస్ అంటారే, అది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో దీన్ని ప్రారంభించారు. మామూలుగా ఒక యూనిట్‌కు 100 మంది వాలంటీర్లు. వాళ్లకు ఒక ప్రోగ్రాం ఆఫీసరు, ఆయన కూడా ఆ కాలేజీ అధ్యాపకుడే. ఆ పైన విశ్వవిద్యాలయంలో సమన్వయకర్త. ప్రతి వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఒక పల్లెను ఎంచుకుని ఏడు రోజుల శిబిరం చేయాలి. గంటలు కూడా పుస్తకంలో రాస్తారు. "మా అమ్మాయి శిబిరానికి పోయింది, అక్కడ ఎవరు చూస్తరో ఏమో" అని భయపడే తల్లులు ఈ వరుస తెలుసుకుంటే కొంత ధైర్యంగా ఉండవచ్చు. ఎవరిని అడగాలో తెలిస్తే సగం భయం తీరుతుంది.

ఇక ఎన్నికల సంగతి. కాలేజీ ఎన్నికలంటే కొట్లాటలని మన మనసులో పడిపోయింది. అది వట్టి అపోహ అనను. కొట్లాటలు జరిగాయి, డబ్బు నీళ్లలా ఖర్చయింది. ఆ గొడవలు చూసే సుప్రీంకోర్టు చెప్పగా, ఎన్నికల ప్రధానాధికారిగా పనిచేసిన జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఒక సంఘం వేశారు. ఆ సంఘం చేసిన సిఫారసులను 2006 సెప్టెంబర్ 22న కోర్టు అమలు చేయమంది. వాటిలో ఏముందో వింటే మీరు ఆశ్చర్యపోతారు. డిగ్రీ విద్యార్థి పోటీ చేయాలంటే వయసు 17 నుంచి 22 మధ్య ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. ఆ ఏడు తప్పిన పేపర్లు ఉండకూడదు. నేర చరిత్ర ఉండకూడదు. పదవికి ఒక్కసారే పోటీ చేయాలి, కార్యవర్గ సభ్యత్వానికైతే రెండుసార్లు. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అతికించాలి. ప్రచారానికి మైకులు, వాహనాలు వద్దు. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఖర్చు లెక్కలు చూపాలి. మన పెద్దల ఎన్నికల్లో కూడా ఇంత కట్టడి ఉంటే ఎంత బాగుండును అనిపించదూ!

1974లో స్థాపించిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థి యూనియన్ ఎన్నికలు జరుగుతూ వస్తున్నాయి. మన డిగ్రీ కళాశాలల్లో మాత్రం అటువంటి ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. ఎన్నికలు లేని చోట, బాగా చదివే పిల్లలను అధ్యాపకులే ఎంచి ప్రతినిధులుగా పెడుతుంటారు. లింగ్డో సంఘం ఇటువంటి నియామక పద్ధతిని తాత్కాలిక ఏర్పాటుగానే ఒప్పుకుంది. కాబట్టి యూనియన్ లేని కాలేజీలో పిల్లలు ఓటు వేసి తమలో ఒకరిని ఎన్నుకునే చోటు ఏదైనా ఉందంటే, అది ఈ చిన్న సంఘమే. దీని విలువ అందుకే ఎక్కువ.

ఇప్పుడు మనకు సంఘం పెట్టుకోవడం మంచినీళ్లు తాగినంత సులువైంది. రాజ్యాంగం 19వ అధికరణం సంఘాలు పెట్టుకునే హక్కును పౌరులకు ఇచ్చింది. కానీ మన తాతల కాలంలో ఇక్కడ ఆ సంగతి వేరు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అని ఆ ఉత్తర్వును చెప్పుకునేవారు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో పిల్లలు వందేమాతరం పాడకూడదని ఆంక్ష పెడితే, వాళ్లు సమ్మె చేశారు. వందల మందిని చదువు నుంచి తీసివేశారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లలో ఎందరినో చేర్చుకుంది. తర్వాత కాలంలో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు కూడా అలా వెళ్లిన వారిలో ఒకరు. ఒక పాట కలిసి పాడుకోవడానికి, ఒక చోట కలిసి కూర్చోవడానికి చదువునే పణంగా పెట్టిన పిల్లలు వాళ్లు.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. జోగిపేట ఎంతో దూరం కాదు, 2016లో జిల్లాలు మారేదాకా మనదీ వాళ్లదీ ఒకటే మెదక్ జిల్లా. ఆ మహాసభకు సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. అక్కడే ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షత వహించారు. ఘోషా ఉన్న రోజులు, ఆడపిల్లకు అక్షరాలు చెప్పించడమే గొప్ప అనుకునే రోజులు. అప్పుడే మన గడ్డ మీద ఒక స్త్రీ సభాపీఠం మీద కూర్చున్నది. ఇప్పుడు మన అమ్మాయి క్లాసు గదిలో నలుగురి ముందు కూర్చుని లెక్క చదువుతానంటే మనం వెనకాడుతున్నాం!

మంచి సంఘం ఎంత కాలం నిలుస్తుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. మన ఊరి చిత్రకారులు కాపు రాజయ్య గారు 1963లో ఇక్కడే లలిత కళా సమితి స్థాపించారు. సిద్దిపేట పేరు చిత్రకళలో దేశమంతటా వినబడిందంటే ఆయన కుంచెతో పాటు, పిల్లలను ఒకచోట చేర్చి నేర్పాలన్న ఆ ఆలోచన కూడా కారణం. ఒకరి ప్రతిభ ఆ ఒక్కరితోనే పోతుంది. పదిమందికి పంచే ఏర్పాటు ఉంటేనే అది ఊరికి దక్కుతుంది.

ఇక సంఘాలు ఎక్కడ చెడతాయో కూడా చెప్పుకోవాలి. అంతా మంచే అని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

మా బంధువుల్లో ఒక అమ్మాయి ఉంది. ఆమె చదివిన కాలేజీ పేరు, ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. తెలివైన పిల్ల. ఒక సంఘానికి సంయుక్త కార్యదర్శిని చేశారు. పదవి పేరు బాగానే ఉంది. పని మాత్రం అతిథులకు పూలగుత్తులు ఇవ్వడం, జ్యోతి వెలిగించేటప్పుడు అగ్గిపెట్టె పట్టుకోవడం, ప్రార్థన పాడటం, ముగ్గు వేయడం. చందాలు వసూలు చేసేది కూడా ఎక్కువగా ఆమే, ఎందుకంటే అమ్మాయిల దగ్గరికి వెళ్లగలిగేది ఆమే. వార్షికోత్సవం అయిపోయింది. "మా క్లాసు వాళ్లు లెక్క అడుగుతున్నరు, ఒకసారి చూపించండి" అని అడిగింది. "నీకెందుకు చెల్లే, మేం చూసుకుంటం కదా" అన్నారు. రెండోసారి అడిగితే నవ్వారు. మూడోసారి అడిగేసరికి ఎవరో ఇంటికి ఫోను చేసి "మీ అమ్మాయి లొల్లి పెడుతున్నది" అని తండ్రికి చెప్పారు. తండ్రి కంగారుపడ్డాడు. "రేపటి నుంచి ఆ సంఘం పేరెత్తితే చదువు బంద్" అన్నాడు.

ఒక చిన్న లెక్క అడిగినందుకు ఆ పిల్ల చదువే ఆగిపోయే దాకా వచ్చింది చూడండి! ఆ సమయంలో ఆమె మేనత్త అడ్డుపడింది. మేనత్త పెద్దగా చదువుకున్నది కాదు, పొదుపు సంఘంలో చాలా ఏళ్లు లీడరుగా చేసింది. అన్నతో, "లెక్క అడిగినోళ్లది తప్పెట్లయితదే అన్నా? చూపియ్యనోళ్లది గదా తప్పు!" అన్నది. మేనకోడలితో, "నోటితోటి అడిగితే నోటితోటే జవాబిస్తరు బిడ్డా. కాయితం మీద అడుగు" అన్నది.

అమ్మాయి అట్లాగే చేసింది. కోపంగా ఒక్క మాట లేకుండా నాలుగు వాక్యాలు రాసి, తనతో పాటు మరి కొందరు సభ్యుల సంతకాలు తీసుకుని, వచ్చే సమావేశంలో జమాఖర్చులు పెట్టాలని సలహాదారు అయిన మేడంకు ఇచ్చింది. సమావేశం జరిగింది. తీరా చూస్తే దొంగతనం ఏమీ లేదు. కొన్ని బిల్లులు జేబుల్లో నలిగిపోయాయి, కొన్ని అసలు తీసుకోలేదు, ఎవరూ ఏదీ రాయలేదు. కొంత మొత్తానికి లెక్క తేలలేదు, ఖర్చు పెట్టిన వాళ్లే అది కట్టారు. అప్పుడు ఒక తీర్మానం చేశారు. ఇకమీదట ప్రతి ఖర్చుకూ ఇద్దరి సంతకాలు ఉండాలి, నెలకోసారి లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి అని. మరుసటి ఏడు ఆ అమ్మాయినే కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఓటు వేసిన వాళ్లలో ఆనాడు నవ్విన అబ్బాయిలూ ఉన్నారు.

చాలా సంఘాలు చెడేది ఇట్లాగే. దొంగల వల్ల కంటే బద్ధకం వల్లనే ఎక్కువ. రెండవ కారణం, అంతా ఒక్కరే మోయడం. ఆ ఒక్క చురుకైన పిల్లవాడు పరీక్షలు రాసి వెళ్లిపోతే సంఘం కూడా వెళ్లిపోతుంది. డిగ్రీ మూడేళ్లే కదా! అందుకే పాత కార్యవర్గం కొత్త కార్యవర్గానికి పుస్తకాలు, మిగిలిన డబ్బు, రబ్బరు స్టాంపు, బీరువా తాళంచెవి అన్నీ జాబితా రాసి, సంతకం తీసుకుని అప్పగించాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను లెక్క చూసి తాళం ఇచ్చినట్టే. మూడవ కారణం, బయటి వాళ్ల డబ్బు. చందా సరిపోక ఎవరో పెద్దమనిషి దగ్గర ఇంత తీసుకుంటే, ఆయన ఫోటో బ్యానరు మీదికి వస్తుంది, తర్వాత ఆయన మాట సమావేశంలోకి వస్తుంది.

అమ్మాయిలను ముగ్గులకూ పూలగుత్తులకూ పరిమితం చేయడం మన ఒక్కరి దగ్గరే ఉందనుకోకండి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అని విద్యార్థుల చర్చా సంఘం ఉంది. 1823లో పుట్టింది. ఎందరో ప్రధానులు అక్కడ మాట్లాడటం నేర్చుకున్నారు. అటువంటి సంఘం స్త్రీలను పూర్తి సభ్యులుగా చేర్చుకున్నది 1963లో. అంటే 140 ఏళ్లు పట్టింది! కానీ తలుపు తెరిచాక ఆలస్యం కాలేదు. ఐదేళ్లకే, 1968లో ఒక విద్యార్థిని అధ్యక్షురాలైంది. 1977లో పాకిస్తాన్ నుంచి వెళ్లిన బేనజీర్ భుట్టో ఆ పీఠం మీద కూర్చున్నారు. తర్వాత ఆమె తమ దేశానికి ప్రధాని అయ్యారు. 1924లో మొదలైన మన హైదరాబాద్ కోఠి మహిళా కళాశాల ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం అయింది. అక్కడ సంఘం పదవులన్నీ అమ్మాయిలవే కదా! కుర్చీలు మోసేదీ వాళ్లే, కుర్చీలో కూర్చునేదీ వాళ్లే. అంటే చేతకాకపోవడం అన్నది లేదు, చేతికి ఇవ్వకపోవడమే ఉంది.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దీని ఫలితం కాలేజీ గోడల దగ్గర ఆగదు. 1989 నుంచి మన దేశంలో పద్దెనిమిదేళ్లకే ఓటు. ఇరవై ఒకటి నిండితే సర్పంచిగా పోటీ చేయవచ్చు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి, పంచాయతీల్లో మూడింట ఒక వంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి. మన తెలంగాణలో సగం స్థానాలు స్త్రీలవే. కానీ మీకూ తెలుసు, నాకూ తెలుసు, కొన్ని చోట్ల గెలిచింది భార్య, కుర్చీలో కూర్చునేది భర్త. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి ఇంటికి వచ్చే ఆమెను మనం చూస్తూనే ఉన్నాం. ఆమెకు తెలివి లేక కాదు. తీర్మానం పుస్తకం ఎట్లా ఉంటుందో, వోచర్ మీద ఏం చూడాలో ఆమెకు ఎవరూ ఏనాడూ చూపించలేదు. పద్దెనిమిదో ఏట 3,000 రూపాయల లెక్క రాసిన పిల్ల, నలభయ్యో ఏట 30 లక్షల లెక్క మీద చదవకుండా సంతకం పెట్టదు.

మరి తల్లులుగా మనం ఏం చేయాలి? గుడ్డిగా సరేననవద్దు, గుడ్డిగా వద్దనవద్దు. అమ్మాయి సంఘంలో చేరతానంటే ఐదు ప్రశ్నలు అడగండి. నిబంధనావళి ఉందా, నువ్వు చదివావా? సలహాదారు ఎవరు, వారి ఫోను నంబరు ఇంట్లో ఉందా? డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఎందరి సంతకాలు కావాలి? సమావేశాలు ఏ వేళప్పుడు జరుగుతాయి, పొద్దుపోతే ఇంటికి ఎట్లా వస్తావు? నీకు ఇచ్చిన పని ఏమిటి, పుస్తకం నీ చేతికి ఇస్తారా లేక పూలగుత్తి ఒక్కటే ఇస్తారా?

సమావేశాలు రాత్రి దాకా సాగే అలవాటుంటే, సాయంత్రం బస్సులు ఉండగానే ముగించమని అమ్మాయి తీర్మానం పెట్టవచ్చు. ఒక్కరు అడిగితే బాగుపడేది పదిమంది. ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఆ కమిటీలో ఎన్నికైన విద్యార్థులు కూడా ఉండాలి. ఆ సంగతి అమ్మాయికి ముందే చెప్పి పెట్టండి. ఇంట్లో చెబితే సంఘం మాన్పిస్తారన్న భయం ఉన్న పిల్ల ఏ కష్టమూ మనకు చెప్పదు. "ఏం జరిగినా చెప్పు, చదువు మాన్పించం, సంఘమూ మాన్పించం" అన్న భరోసా మన నోటి నుంచి రావాలి.

అబ్బాయిల తల్లులకు కూడా ఒక మాట. మీ వాడు అధ్యక్షుడైతే సంతోషించండి. ఆ రాత్రి అన్నం పెడుతూ ఒక్కటి అడగండి: "మీ సంఘంలో లెక్కలు ఎవరు రాస్తున్నరు నాయినా? అమ్మాయిలకు ఏం పని ఇచ్చినరు?" అని. ఆ ప్రశ్న అమ్మ నోటి నుంచి వస్తే అది వాడి చెవిలో చాలా కాలం ఉంటుంది.

బతుకమ్మ పండుగకు కోమటి చెరువు గట్టు మీదికి వందల మంది ఆడవాళ్లం చేరుతాం. ఎవరూ నోటీసు ఇవ్వరు, ఎవరూ అధ్యక్షత వహించరు. అయినా వరుస తప్పదు, పాట తప్పదు. కూడి పని చేయడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. దానికి ఒక పుస్తకం, ఒక కలం తోడైతే చాలు, అదే సంఘం. ఆ పుస్తకం మన పిల్ల చేతికి వచ్చిన రోజున చెయ్యి వెనక్కు లాగకుండా ఉంటే, మన వంతు మనం చేసినట్టే.